అంచుపై చెక్కిన పేరు
కోనసీమ చరిత్ర ధారావాహిక: యుద్ధపతకములు, సేనాచిహ్నములు

సముద్రమునకు చేరువగా ఆంగ్లేయులు నెలకొల్పుకొనిన బెండమూర్లంక వర్తకస్థానము 1757వ సంవత్సరమున ఫ్రెంచి సేనాని బుస్సీ వశమగుటతో గత సంచిక ముగిసినది. ఆ వర్తకశాలల గోడలు కూలినవి. వాని దస్తావేజులు చెన్నపట్టణమునకును, అచ్చటినుండి లండను నగరమునకును తరలిపోయినవి. కాని ఆ కాలమునుండి నిన్నమొన్నటి వరకును ఈ సీమవారు పాల్గొనిన యుద్ధములకు సాక్ష్యములుగా కొన్ని చిన్న లోహఖండములు మాత్రము అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందలి ఇండ్లలో, ట్రంకుపెట్టెల అడుగునను, అటకలమీది భోషాణములలోను, దేవునిగది సొరుగులలోను నేటికిని కానవచ్చుచున్నవి. యుద్ధపతకములును, సైనికులు తలపాగలకును టోపీలకును తగిలించుకొనిన బిళ్లలును ఈ లోహఖండములే. వీనిని వెదకుట, సేకరించుట, చదువుట అను మూడు పనులలో మొదటి రెండును అభిరుచియు ఓపికయు గలవారెవరైనను చేయగలరు. మూడవది చరిత్రకారుని పని. దానికి ఆధారము పతకముపైనున్న రాజుగారి ముఖము కాదు, వెనుకనున్న సింహమో దేవతయో కాదు; కంటికి ఆనక అంచు చుట్టును సాగిపోవు ఒక్క పంక్తి అక్షరములే యని నిరూపించుటకు ఈ సంచికను వినియోగించుచున్నాము.

కోనసీమ వేదాధ్యయనమునకును, వరిచేలకును, కొబ్బరితోటలకును పేరువడినదే గాని సేనలకు పేరువడినదా యని పాఠకులలో కొందరు శంకింపవచ్చును. ఆ శంకకు కారణమును మన చరిత్రలను వ్రాసినవారిలోనే వెదకవలయును. ఊరు విడువక కూర్చుండి శాసనములను, స్థలపురాణములను, కరణీకపు లెక్కలను వ్రాసినవారు ఒక వర్గమువారు; భూవసతి లేక, కరవు కాలమున కూలియు దొరకక, పడవలెక్కి ధవళేశ్వరము చేరి, అచ్చటినుండి తాము పేరైనను విని యెరుగని దేశములకు పోయినవారు వేరొక వర్గమువారు. రెండవ వర్గమువారి కథను మొదటివారు వ్రాయలేదు, వారంతట వారును వ్రాసికొనలేదు. ఇంటికి తిరిగివచ్చిన సిపాయికి సర్కారువారిచ్చిన పతకము అంచున అతని పేరు చెక్కబడి యుండుటచేత, అనేక కుటుంబములయందు ఆ తరమువారి నామధేయము లిఖితరూపమున నిలిచిన చోటు అదియొక్కటే యైనది.

చందుర్తి: పతకము లేని విజయము

ఈ కథను పతకము లేని యుద్ధముతో ప్రారంభించుట న్యాయము. 1758 డిసెంబరు 7వ తేదీన పిఠాపురమునకు సమీపమునందలి చందుర్తి పొలములలో జరిగిన పోరాటమే కోనసీమ తలవ్రాతను మార్చినది. బంగాళమునుండి ఓడలపై వచ్చి విశాఖపట్టణమున దిగిన కర్నల్ ఫోర్డు, విజయనగరాధీశుడైన పూసపాటి ఆనంద గజపతిరాజుతో చేయి కలిపి, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సును ఆ దినమున ఓడించెను. ఏపుగా ఎదిగిన చేనుచాటున ఆంగ్లేయ పటాలము మరుగుపడియుండగా, ఎర్రని కోటులు తొడిగిన సిపాయిలను చూచి వారే తెల్లవారి పటాలమని ఫ్రెంచివారు భ్రమించి తమ బలము నంతటిని వారిమీదికి నడిపించిరి. అంతలో అసలు పటాలము చేనుచాటునుండి వెలువడి వారి పార్శ్వమును తాకెను. సేనలలో ఉడుపునకును గుర్తునకును ఎంత విలువ గలదో ఇంతకన్న స్పష్టముగా చెప్పు ఘట్టము మన ప్రాంతపు చరిత్రలో మరియొకటి లేదు. మరుసటి ఏప్రిలు మాసమున మచిలీపట్టణపు కోటయు ఫోర్డు వశమైనది. 1765లో మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానాచేతను, 1766లో నిజాముతో కుదిరిన సంధిచేతను ఉత్తర సర్కారులు కుంఫిణీవారి పాలయ్యెను. వానితోపాటు గౌతమీ వసిష్ఠల నడిమి ఈ సీమయు వారిదే యైనది.

ఆ యుద్ధమునకు గుర్తుగా సామాన్య సిపాయికి ఎవరును పతకము నీయలేదు; అట్టి ఆచారము నాటికింకను కుదురుకొనలేదు. అయినను చందుర్తి పేరు సేనాచరిత్రమునుండి మాయము కాలేదు. ఫోర్డు వెంట వచ్చిన బంగాళపు తెల్ల పటాలము కాలక్రమమున చేతులు మారి, పేర్లు మారి, 1881లో ఐర్లండు దేశపు ‘రాయల్ మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్’ అను పటాలములో లీనమైనది. మండుచున్న గుండును, దానిపై పులిబొమ్మను టోపీచిహ్నముగా ధరించిన ఆ పటాలము 1922లో రద్దగువరకును తన యుద్ధకీర్తుల జాబితాలో ప్లాసీ పేరు ప్రక్కన ‘కండోర్’ అనియు ‘మసులిపటామ్’ అనియు వ్రాసికొనుచునే యుండెను. కండోర్ అనగా మన చందుర్తి యుద్ధమే. పిఠాపురము చేరువనున్న యొక పల్లె పేరు ఐర్లండు పటాలపు కీర్తులలో వెలుగొందినది. ఆ పల్లె పొలములో ఇరుపక్షముల తరఫున నేలకొరగిన తెలుగు బంట్ల పేరు ఒక్కటియు మనకు దక్కలేదు. పతకము లేకపోవుటవలన కలుగు నష్టమెట్టిదో ఇందుచే తేటపడుచున్నది.

కుంఫిణీవారి లోహనీతి

కుంఫిణీవారు సిపాయిలకు పతకములిచ్చుట పదునెనిమిదవ శతాబ్ది చివరి పాదమున ఆరంభించిరి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడినందులకు ఇచ్చినది. దాని ముఖభాగమున బ్రిటిషు సింహము టిప్పు సుల్తాను చిహ్నమైన పులిని క్రిందపడవేసి తొక్కుచుండును. రెండవవైపున కోటపై దాడియు, దానిక్రింద పారసీక లిపిలో వ్రాతయు నుండును. ఇంగ్లండులోని సోహో టంకశాలలో మ్యాథ్యూ బౌల్టను ముద్రింపించిన ఈ పతకమునే సేనానులకు బంగారముతోను, వారి క్రింది పెద్ద అధికారులకు బంగారుపూత పూసిన వెండితోను, చిన్న అధికారులకు వెండితోను, ఆ దిగువవారికి కంచుతోను, సామాన్య సిపాయికి తగరముతోను తయారుచేసిరి. బొమ్మ ఒకటే, యుద్ధమొకటే, మరణభయమును అందరికి ఒకటే. లోహము మాత్రము అంతస్తునుబట్టి మారినది. తగరపు పతకము మెత్తనిది, అరిగిపోవునది, కాంతి కోల్పోవునది. అందుచేతనే బంగారపు పతకములు ప్రదర్శనశాలలలో భద్రముగా నుండగా, వేలకొలదిగా పంచబడిన తగరపు పతకములలో మంచి స్థితినున్నది నేడు దొరకుట దుర్లభమైనది.

తరువాతిది మొదటి బర్మాయుద్ధపు పతకము. 1824 మొదలు 1826 వరకు జరిగిన ఆ యుద్ధమున మద్రాసు సేనయే పెద్దభారమును మోసినది. ఆ సేనలో నాడు తెలుగువారు విరివిగా ఉండిరి. ఆవా రాజ్యపు తెల్లయేనుగు సింహము నెదుట మోకరిల్లినట్లు చెక్కిన ఈ పతకమును కుంఫిణీవారు దేశీయ సైనికులకు మాత్రమే యిచ్చిరి. అదే యుద్ధమున పోరిన తెల్లవారు ఇరువదియైదేండ్లు వేచియుండవలసి వచ్చెను. 1851లో ప్రకటింపబడిన ‘ఆర్మీ ఆఫ్ ఇండియా’ పతకముపై ‘ఆవా’ అను పేరుగల అడ్డపట్టీ వారికి లభించెను. అట్లు లభించుటకు అర్హులైనవారిలో కోనసీమ రైతు నేటికిని చేతులెత్తి మ్రొక్కు ఒక మద్రాసు ఇంజనీరు కలడు. ఆయనయే ఆర్థర్ కాటన్. యౌవనమున బర్మాయుద్ధమున పాల్గొనిన ఆయన, ఆ పతకము ప్రకటింపబడిన నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించు సన్నాహములో మునిగియుండెను. 1847లో ఆరంభమైన ఆ ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఆ పనులలో సహాయమునకు మద్రాసు సాపర్లను, అనగా త్రవ్వకము, వంతెన, కోటగోడ మొదలగు పనులు నేర్చిన సైనికులను, కాటన్ రప్పించుకొనెను. వైనతేయ నదిని దాటించి నగరపులంకకు నీరందించిన గన్నవరము అక్విడక్టును నలువదితొమ్మిది కమానులతో కట్టించిన హెయిగ్ దొరయు మద్రాసు సేనకు చెందిన ఇంజనీరే. రాజోలు సీమలోని పంటకాలువకు సేనాశిబిరముతో గల చుట్టరికమిది.

ఆ మద్రాసు సేనయొక్క చిహ్నములను పరిశీలించినచో రెండు జంతువులు తరచుగా కానవచ్చును. ఒకటి ఏనుగు, 1803 సెప్టెంబరు 23న అస్సాయే వద్ద మహారాష్ట్ర సేనలపై పోరిన పటాలములకు లభించిన గౌరవమది, నేటి మద్రాసు రెజిమెంటు టోపీబిళ్లపై నిలిచియున్నదియు అదియే. రెండవది బంగారు డ్రాగను. 1840 మొదలు 1842 వరకు చైనాలో పోరిన మద్రాసు పటాలములకును సాపర్లకును దానిని ధరించు హక్కు లభించెను. ఆ యుద్ధమున 1841లో కాంటను పట్టణము వెలుపల, జడివానలో తుపాకుల మందు తడిసి పేలకపోగా, ముప్పదియేడవ మద్రాసు పటాలమునకు చెందిన ఒక దళము చతురస్రముగా నిలిచి, బాయినెట్లతోనే చుట్టుముట్టిన జనసమూహమును అడ్డుకొనెను. ఆ ధైర్యమునకుగాను పటాలమునకు గ్రెనేడియర్ బిరుదము లభించెను. ఇట్లు పాతబిళ్లపైని ఏనుగు నొకదానిని, డ్రాగను నొకదానిని గుర్తింపగలిగినచో, దానిని ధరించినవాడు ఏ పటాలమున నుండెనో, ఆ పటాలమునకు ఆ గౌరవ మెట్లు వచ్చెనో తెలిసికొను దారి మనకు దొరకును.

వ్యక్తిగత సాహసమునకు బహుమానముగా కుంఫిణీవారు 1837లో ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ను నెలకొల్పిరి. బ్రిటిషు సైనికునికి విక్టోరియా క్రాసు 1856లో గాని ఏర్పడలేదు. భారతీయునకు అది లభింపవచ్చునని 1911 నాటి ఢిల్లీ దర్బారులో గాని ప్రకటింపబడలేదు. ఇక సేనవెంట నడిచిన వంటవారు, నీళ్లతిత్తులు మోసినవారు, గుఱ్ఱములను మేపినవారు, డోలీలు మోసినవారు అను అనుచరుల సంగతి వేరు. 1885 మొదలు 1887 వరకు జరిగిన మూడవ బర్మా దండయాత్రనుండి వారికిని పతకము లభించెను; అది వెండిది కాదు, కంచుది. పాత సామానుల నడుమ కంచు పతకమొకటి కనిపించినచో నకిలీయని తోసివేయవద్దు. తుపాకి పట్టక, గుండ్లవాన నడుమ గాయపడినవారిని మోసికొనివచ్చిన డోలీవాని పేరు దాని అంచున ఉండవచ్చును.

రెండు మహాసంగ్రామములు

పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున, కొన్ని జాతులు మాత్రమే యుద్ధమునకు పుట్టినవను సిద్ధాంతము ఆంగ్లేయ సేనాధిపతులకు వేదవాక్యమైనది. ఆ సిద్ధాంతముతో మద్రాసు పటాలములు ఒక్కొక్కటిగ తగ్గించబడెను. తెలుగువారి చేరిక సన్నగిల్లెను. చైనాలో బిరుదులు సంపాదించిన సేన వారసులు యుద్ధమునకు పనికిరారని తీర్పు చెప్పినవారే, 1914లో యుద్ధము రాగానే మరల మన పల్లెలకు మనుష్యులను వెదకుచు వచ్చిరి.

ఆ యుద్ధమునకు సంబంధించి మన ఇండ్లలో కానవచ్చు పతకములు ముఖ్యముగా రెండు. మొదటిది ‘బ్రిటిష్ వార్ మెడల్’: వెండిది, ముప్పదియారు మిల్లీమీటర్ల వ్యాసముగలది, సుమారు రెండున్నర తులముల తూకముగలది, ఒకవైపున ఐదవ జార్జి తలయు, రెండవవైపున శత్రువుల డాలును గుఱ్ఱపుగిట్టలతో తొక్కుచున్న రౌతును, 1914, 1918 అను సంవత్సరములును దానిపై నుండును. కూలిదళములవారికి దీనినే కంచుతో ఇచ్చిరి. రెండవది ‘విక్టరీ మెడల్’: కంచుది, రెక్కలుగల విజయదేవత బొమ్మగలది, ఇంద్రధనుస్సు రంగులను రెండువైపుల కలిపి నేసిన రిబ్బనుగలది. గోదావరి సీమలో ఈ పతకములు విరివిగా చేరిన గ్రామము తాడేపల్లిగూడెము సమీపమునందలి మాధవరము. ఆ ఊరినుండి మొదటి మహాయుద్ధమునకు 90 మందియు, రెండవదానికి వేయిమందికి పైగా వెళ్లిరని ప్రసిద్ధి. నేటికిని సేనలో చేరుట అచ్చటి ఇండ్లలో వంశాచారముగా సాగుటచే ‘మిలిటరీ మాధవరము’ అను పేరు స్థిరపడినది. అచ్చటి యువకులు తమ తాతల పతకములను ఎరుగుదురు. కోనసీమలో అట్టి గ్రామమొకటి ప్రత్యేకముగా ప్రసిద్ధికెక్కకపోవుటచే మన సైనికులు చెల్లాచెదరుగా, ఊరికొకరుగా, ఇంటికొకరుగా మరుగుపడిరి.

రెండవ మహాయుద్ధము మాత్రము కోనసీమ గడపకే వచ్చినది. కాకినాడనుండి కోటిపల్లి రేవు వరకు 1928లో వేసిన రైలుమార్గమును, యుద్ధావసరములకు ఇనుము కావలయునని 1940లో ఊడబెరికి తీసికొనిపోయిరి; ముక్తేశ్వరము రేవు దాటి రైలెక్కు సౌకర్యము ఈ సీమవారికి మరల 2004 వరకు కలుగలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. కోరంగి రేవునుండి తరతరములుగా రంగూనునకు కూలికి, వర్తకమునకు పోయిన తెలుగు కుటుంబములు ఆ వేసవిలోనే కట్టుబట్టలతో కొండదారుల వెంట నడిచి దేశమునకు తిరిగివచ్చెను. ఆ దారులనే ఎదురుగా నడిచి బర్మాను తిరిగి గెలుచుటకు పోయిన సేనలలో మద్రాసు సాపర్లును, తిరిగి నెలకొల్పబడిన మద్రాసు రెజిమెంటు దళములును, సరకులు మోయు దళములును, వైద్యదళములును కలవు. కావున కోనసీమ ఇంటిలో ఆరుకోణముల ఇత్తడిరంగు ‘బర్మా స్టార్’ కనిపించినచో, అది పరదేశపు యుద్ధమునకు గుర్తు మాత్రమే కాదు; ఆ ఇంటివారి బంధువులు విడిచివచ్చిన ఊళ్లకును గుర్తు.

ఈ యుద్ధపు పతకముల విషయమున భారతీయ సైనికునకు ఒక విశేషము కలదు. బ్రిటిషు సైనికులకు పంచిన తారలును, పతకములును పేరులేకయే పంచబడినవి. భారతీయ సైనికులకిచ్చిన వానిపై సంఖ్యయు, హోదాయు, పేరును, దళమును ముద్రించిరి. తారలకు వెనుకవైపునను, గుండ్రని పతకములకు అంచునను ఆ వ్రాత యుండును. యుద్ధరంగమునకు పోకున్నను మూడేండ్లు సేనలో పనిచేసిన మన సైనికులకు కలకత్తా టంకశాలలో ముద్రించిన ‘ఇండియా సర్వీస్ మెడల్’ లభించెను. దానివెనుక అవిభక్త భారతదేశపు పటము ఉండును. 1947 ఆగస్టు 15ను స్మరించు ‘ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్’పై ఆరవ జార్జి కిరీటమును, అశోకచక్రమును, రెండవవైపున సారనాథ సింహములును కలిసియుండుట చూచినచో, ఒక రాజ్యము పోయి వేరొక రాజ్యము వచ్చిన ఆ సంధికాలము అరచేతిలో కనిపించును. 1950 జనవరి 26 తరువాత పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్రములు వచ్చెను. కిరీటము పోయి అశోకసింహములు మన బిళ్లలపై నిలిచెను. టోపీబిళ్లపై ఏ కిరీటమున్నదో, ఏ సింహములున్నవో చూచి దాని కాలమును సుమారుగా నిర్ణయించుట ఈ విద్యలో మొదటి పాఠము.

ఆంగ్లేయులకు ఎదురు నిలిచిన పక్షమునకును పతకములు కలవు; నేతాజీ సుభాస్ చంద్రబోసు నెలకొల్పిన ఆజాద్ హింద్ పతకములు వియన్నా నగరమున సౌవాల్ అను కర్మాగారములో తయారైనవి. యుద్ధానంతరమున అదే కర్మాగారము వానిని మరల ముద్రించి విక్రయించెను. కావున నేడు అంగడిలో కనిపించు ఆజాద్ హింద్ పతకములలో సైనికుని వక్షఃస్థలమును ఎరిగినది ఏదో, సేకరణదారుని పెట్టెకోసమే పుట్టినది ఏదో చెప్పుట నిపుణులకును కష్టము.

అంచును చదువు విధము

ఇక అసలు పనికి వత్తము. పతకము చేతికి రాగానే దాని అంచును పగటి వెలుగున, భూతద్దముతో, నెమ్మదిగా త్రిప్పుచు చదువవలయును. అక్షరములు మాసినచో వానిపై పలుచని కాగితమును కప్పి మెత్తని పెన్సిలుతో రుద్దినయెడల, కంటికి కనిపించనివి కాగితముపై తేలివచ్చును. ముందు సంఖ్య, తరువాత హోదా, ఆపై పేరు, చివర దళము అను క్రమము సాధారణముగా నుండును. ‘సెప్’ అనగా సిపాయి, ‘హవ్’ అనగా హవల్దారు, ‘జెమ్’ అనగా జమేదారు, ‘ఎస్. అండ్ ఎం.’ అనగా సాపర్లును మైనర్లును, ‘ఆర్.ఐ.ఎ.ఎస్.సి.’ అనగా సరకుల దళము, ‘ఐ.ఎ.ఎం.సి.’ అనగా వైద్యదళము.

తెలుగువారి విషయమున చిక్కంతయు పేరులోనే కలదు. ఇంటిపేరును పతకముపై చెక్కిన చోటులు స్వల్పము. చేర్పించుకొనిన గుమాస్తా పరాయిభాషవాడైనచో అతని చెవికి వినబడినట్లే పేరు వ్రాయబడినది. సత్తిరాజులును, సూరన్నలును, వెంకన్నలును ఒకే దళమున పదుగురుండవచ్చును. కావున పేరును నమ్మి పరిశోధించినవాడు దారి తప్పును. సంఖ్యను పట్టుకొనినవాడు గమ్యము చేరును. ఆ సంఖ్య ఆధారముగా నీలగిరులలోని వెల్లింగ్టనునందున్న మద్రాసు రెజిమెంటు కేంద్రమును గాని, బెంగుళూరులోని మద్రాసు సాపర్ల కేంద్రమును గాని అడుగవచ్చును. చెన్నపట్టణము ఎగ్మూరులోని రాజ్యాభిలేఖాగారమును, ఢిల్లీలోని జాతీయాభిలేఖాగారమును, లండనులో బ్రిటిషు గ్రంథాలయమునందలి ఇండియా ఆఫీసు పత్రములును, క్యూ నందలి అభిలేఖాగారమును పతకముల జాబితాలకు నిలయములు. యుద్ధమున మరణించినవాని విషయమున కామన్వెల్తు యుద్ధసమాధుల సంస్థ పట్టికలలో తండ్రి పేరును, గ్రామమును, జిల్లాయు తరచుగా దొరకును. రంగూను సమీపమున తౌక్యాన్ నందలి స్మారకస్తంభములపై, సమాధికైనను నోచుకొనక బర్మాలో పోయిన దాదాపు 27,000 మంది పేర్లు చెక్కబడియున్నవి. వానిలో తెలుగు పేర్లను వెదకుట ఏ పరిశోధకుడైనను ఇంటినుండియే చేయదగిన పని.

దూరదేశపు పత్రములను ఎంత చూచినను, చివరకు మన ఊరికే తిరిగి రావలయును. డిశ్చార్జి కాగితము, పింఛను పుస్తకము, మాజీ సైనికునకు సర్కారిచ్చిన భూమి పట్టా, బడిలో చేర్చుకొనిన పుస్తకము, క్రైస్తవ కుటుంబమైనచో సంఘపు బాప్తిస్మపు పుస్తకము, వీనిలో ఏ ఒక్కటి దొరకినను అంచుపై పేరునకు తండ్రియు, ఊరును, వయస్సును దొరకును. ఈ విషయమున కోనసీమకు ప్రకృతియే శత్రువు. 1986 ఆగస్టు గోదావరి వరదలోను, 1996 నవంబరు 6 నాటి పెనుతుపానులోను ఎన్నియిండ్ల కాగితములు నీటిపాలైనవో లెక్కలేదు. కాగితము నానును, చెదలు తినును. అంచుపై వ్రాత బురదలో పడియున్నను చెడదు. వరద తీసిన తరువాత పెట్టె అడుగున మిగిలిన పతకము, ఆ ఇంటి చరిత్రకు మిగిలిన చివరి దస్తావేజు కావచ్చును.

నాశమునకు మూడు మార్గములు

పతకములకు నిజమైన ఆపద వరదకంటె మనుష్యునివలననే యెక్కువ. మొదటి ఆపద కుంపటి. రెండున్నర తులముల వెండి పేదయింట చిన్న ధనము కాదు. కూతురు పెండ్లికి కాలిపట్టాలకో, మనుమని మొలత్రాటికో వార్ మెడలును కంసాలి మూసలో వేసినవారిని నిందించు అధికారము మనకు లేదు. కాని నేడు ఆ వెండి విలువకన్న చరిత్ర విలువ పెద్దదని వారికి చెప్పువారు లేకపోవుట మన దోషమే. రెండవ ఆపద ఆకురాయి. పూర్వము అధికారుల వద్దకు పోవునపుడు పతకము తళతళలాడవలయునని చింతపండుతోను, బూడిదతోను తోమితోమి అక్షరములను అరగదీసిరి; వర్తకులు ఒక పేరును ఆకురాతితో చెరిపి, విలువ హెచ్చు దళము పేరును కొత్తగా చెక్కించిరి. అట్టి అంచును తాకిచూచినచో తక్కిన అంచుకంటె పలుచగా నుండును. అక్షరములు ఒక్క తీరున నుండవు. కావున సేకరణదారుడు పతకమును తోమరాదు. మెత్తని పొడి గుడ్డతో తుడిచి, ఉప్పుగాలి తగులని పెట్టెలో, ఒక్కొక్కటి వేరువేరుగా ఆమ్లము లేని కాగితమున చుట్టి దాచవలయును. చౌకబారు ప్లాస్టికు సంచులు లోహమును తినివేయును.

మూడవ ఆపద విభజనము. ఒకే సైనికుడు సంపాదించిన నాలుగైదు పతకములను అన్నదమ్ములు పంచుకొనుట, వర్తకుడు విడివిడిగా నలుగురికి అమ్ముట నేడు సర్వసాధారణము. ఆఫ్రికాయందు పొందిన తార ఒకరివద్ద, బర్మాయందు పొందినది వేరొకరివద్ద చేరిన పిమ్మట, ఆ సైనికుడు ఎడారినుండి అడవికి నడిచిన కథ ఎవరికిని తెలియదు. విడదీసిన పతకములు వెండియు కంచునే గాని చరిత్ర కావు. మరియు నూరేండ్లు నిండిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టము పరిధిలోనికి వచ్చును. వానిని విదేశములకు ఎగుమతి చేయు హక్కు ప్రభుత్వమునకే గాని వర్తకునకు లేదు. మొదటి మహాయుద్ధపు పతకములు ఇప్పుడు ఆ వయస్సునకు చేరినవని సేకరణదారులు మరువరాదు.

సేకరణ దోషమని మా అభిప్రాయము కాదు. ఇంటివారికి అక్కరలేక అంగడికి వచ్చిన పతకమును కొని, దాని అంచును చదివి, ఊరిని కనుగొని, వంశీయులకు తెలియజేయు సేకరణదారుడు ఏ అభిలేఖాగారమునకును తీసిపోడు. అట్లుగాక అల్మారాలో వరుసగా పేర్చి, పేరు చదువక, రంగురిబ్బనులను చూచి మురియువాడు ఎంత ధనము వెచ్చించినను వెండి వర్తకుడే.

కోనసీమ పాఠకులకు మా మనవి యొక్కటే. మీ ఇంట పాత పతకమో, టోపీబిళ్లయో ఉన్నచో దానిని మాకు పంపనక్కరలేదు, ఎవరికిని అమ్మనక్కరలేదు. అంచుపైని వ్రాతను ఉన్నదున్నట్లు, ఒక్క అక్షరమును సవరింపక, కాగితముపై ఎక్కించి, ఆ పక్కన ఆ సైనికుని గూర్చి ఇంటి పెద్దలు చెప్పు మాటలను వ్రాసి, ఒక ప్రతిని మీ ఊరి గ్రంథాలయమునకో, బడికో ఇచ్చి భద్రపరుపుడు. ఊరికొక పుటగా ఇట్లు కూడిననాడు, ఏ ప్రభుత్వమును వ్రాయని కోనసీమ సైనికచరిత్ర దానంతటదియే సిద్ధమగును. రాబోవు సంచికలో మద్రాసు ఇంజనీర్లు వైనతేయముపై కట్టిన గన్నవరము అక్విడక్టు నిర్మాణగాథను వివరింతుము.

(సశేషము)